బెల్టు తీసిన ఇంజిను

ఆ సోమవారం నాటికి లోకేశ్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: విజయవాడ ఆటోనగర్‌లో తయారైన చెవి ఒకటి, ఈ పరాయి దేశానికొచ్చాక వాయిదాల మీద కొన్న స్పానర్ల పెట్టె ఒకటి, ఒకే ఒక్క షాపు పేరు రాసి ఉన్న వర్క్ పర్మిట్ ఒకటి. చెవికి ఏ ఊళ్లోనైనా గిరాకీ ఉంటుంది. స్పానర్లు ఎవరికైనా అమ్ముకోవచ్చు. పర్మిట్ మాత్రం మనురేవాలో శ్రీనివాసులు నడిపే పాత కార్ల యార్డు గేటు లోపలే చెల్లుతుంది, అదీ ఇంకో రెండు నెలలు. శ్రీనివాసులు జాబ్ ఆఫర్ లెటర్ మీద సంతకం పెడితే ఇక్కడే స్థిరపడే రెసిడెన్సీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సంతకం ఏడాదిగా వచ్చే నెలలోనే ఉంటోంది.

"వచ్చే నెల ఖాయం అబ్బాయా," అన్నాడు శ్రీనివాసులు ఆ పొద్దున కూడా, వ్యాను నడుపుతూ. "అంత తొందరేంది? నేనెక్కడికి పోతా, నువ్వెక్కడికి పోతావు?"

ఆ మాటలో బెదిరింపేమీ లేదు. నెల్లూరు నుంచి వచ్చి పదిహేనేళ్లుగా ఇక్కడ కార్లు కొని అమ్ముకుంటున్న మనిషి. ఎక్కడా ఇంటర్వ్యూకి కూడా పిలుపు రాని రోజుల్లో లోకేశ్‌ని పనిలో పెట్టుకున్నాడు. పండగకి ఇంటికి పిలిచి చేపల పులుసు పెట్టాడు. అందుకే ఆ మాట గట్టిగా పట్టుకుంటుంది. అరిచే యజమాని మీద ఎదురు తిరగొచ్చు. చేపల పులుసు పెట్టిన వాడి మీద ఎట్లా తిరుగుతారు?

మౌంట్ రాస్కిల్‌లో సత్యమ్మ ఇంటి ముందు వ్యాను ఆగేసరికి వాన సన్నగా పడుతోంది. సత్యమ్మ డెబ్బై దాటిన మనిషి. ఫిజీ నుంచి వచ్చి, సాండ్రింగ్‌హామ్‌లో పాలూ బ్రెడ్డూ పేపర్లూ అమ్మే డెయిరీ ఒకటి పాతికేళ్లు నడిపి, దాన్ని అమ్మేసి ఇంటిపట్టున ఉంటోంది. చెరకు తోటల కూలికి ఓడెక్కిన తాతలు వెంట తీసుకెళ్లిన తెలుగే ఆమె తెలుగు. వందేళ్లుగా ఇంట్లోనే తిరుగుతూ పుస్తకంలో మాటల్లా బిగుసుకుపోయింది.

"నమస్తే ఆంటీ," అన్నాడు లోకేశ్.

"ఆంటీ ఎవరు? ఆంటీ నా కోడలు. నన్ను అవ్వా అనుము." గొడుగు మడిచి గరాజు తలుపు చూపించింది. "అదిగో, ముసలాయన సొత్తు. ఆయన పోయిన నాటి నుండి ఎవరూ తాకలేదు. పదకొండు ఏండ్లు."

లోపల డెయిరీ నాటి ఖాళీ ఐస్‌క్రీం డబ్బాల మధ్య రెండు దుప్పట్లు కప్పుకుని ఉందది. లోకేశ్ దుప్పటి లాగాడు. లాగి, ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"అంబాసిడర్!"

"ఏమి అంబాసిడర్? మోరిస్ ఆక్స్‌ఫర్డ్. యాభై ఎనిమిది మోడలు."

"మా ఊళ్లో దీన్నే అంబాసిడర్ అంటారవ్వా. ఒక్క అచ్చులో పోసిన అన్నదమ్ములు. ఇంజిను కూడా ఒకటే."

శ్రీనివాసులు అతని భుజం తట్టాడు. "చూశావా అవ్వా, వైద్యుణ్ణే తెచ్చా. వీడికి ఇది అమ్మమ్మగారిల్లు."

నిజంగానే లోకేశ్‌కి చేతులు ఆగలేదు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఆయిలు పోశాడు. కాసేపు ఆగి, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పాడు. మొదట కదల్లేదు. బలవంతం చెయ్యకుండా ముందుకో వేలెడు, వెనక్కో వేలెడు ఊపుతూ పోయాడు. లోపల ఏదో నిద్ర లేచినట్టు ఒక్కసారి వదులై చుట్టు తిరిగింది. ట్యాంకులో పాత పెట్రోలు వార్నిష్ వాసన కొడుతుంటే తోడి పారబోసి, కొత్తది పోశాడు. వ్యానులోంచి తెచ్చిన బ్యాటరీ తగిలించాడు. ఆరో ప్రయత్నానికి ఇంజిను అంటుకుని, గరాజంతా తెల్లటి పొగ చిమ్మింది.

పొగలోంచి శబ్దం వచ్చింది. టక్, టక్, టక్. బరువైన శబ్దం, లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు.

సత్యమ్మ మొహం చూడలేదు లోకేశ్. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిను పొట్టకి ఆనించి, పిడి చెవికి ఆనించుకున్నాడు. ఆటోనగర్‌లో నేర్చుకున్న మొదటి విద్య అది. పొట్ట మొత్తం మోగుతోంది. ఎక్కడ ఆనించినా వినిపిస్తోంది.

"ఏందయ్యా, తొందరగా చెప్పు. పదకొండుకి పాపటోయిటోయిలో ఇంకో కారు బేరం ఉంది," అన్నాడు శ్రీనివాసులు గడియారం చూసుకుంటూ.

లోకేశ్ ప్లగ్గు వైర్లు ఒక్కోటే పీకి చూశాడు. ఒకటి, రెండు. మూడోది పీకితే శబ్దం మెత్తబడింది. దెబ్బలు పడ్డ వేల అంబాసిడర్లు అతని చెవిలో ఒక్కసారి మోగాయి.

"బిగ్ ఎండ్ అన్నా. బేరింగు పోయింది. ఇంజిను బోరుకొచ్చింది."

శ్రీనివాసులు నాలిక చప్పరించాడు. అది నటన కాదు. అతనికి నిజంగానే బాధేసింది. బాధపడుతూనే నాలుగు వందల డాలర్లకి మించి రాదన్నాడు. తుక్కులోకి పోయే కారుకి అదే ఎక్కువన్నాడు. సత్యమ్మ అతన్ని వదిలేసి లోకేశ్ వైపు తిరిగింది.

"నీవు చెప్పు. ఇది చచ్చినదేనా?"

"కష్టమవ్వా. బాగు చేయించాలంటే కారు ఖరీదుకి మించుతుంది."

ఆమె బానెట్టు మీద చెయ్యి పెట్టింది. వేడిగా ఉంటే తీసేసింది. వంద అడ్వాన్సు తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టుకుంది. మిగతా డబ్బూ, పేరు మార్పిడి సంతకమూ శనివారం యార్డులో అని మాట్లాడుకున్నారు. సాయంత్రానికి కారు లారీ ఎక్కింది.

*

బుధవారం లోకేశ్ దాన్ని కింది నుంచి విప్పాడు. ఆయిలు తీసేసి, ఇంజిను అడుగునుండే ఛాంబర్ బోల్టులు ఒక్కోటి లెక్కగా వదులు చేసి దింపాడు. అడుగున మట్టి లేదు, ఇత్తడి పొడి లేదు. బేరింగు పోయిన ఇంజినులో బంగారు రజను తేలుతుంటుంది. ఇందులో వేలు పెట్టి చూస్తే ఉత్త నల్లటి ఆయిలే. నాలుగు కనెక్టింగ్ రాడ్లనీ పట్టుకుని ఊపాడు. ఒక్కటీ ఊగలేదు. మూడోదాని టోపీ విప్పి బేరింగు ముక్కని చొక్కా చివరతో తుడిచాడు. అద్దంలా ఉంది. తన కనుబొమ్మ కనిపించింది అందులో.

చాలాసేపు దాన్ని అలాగే అరచేతిలో పెట్టుకుని ముక్కాలి పీట మీద కూర్చున్నాడు.

మళ్లీ అన్నీ బిగించి, కొత్త ఆయిలు పోసి స్టార్ట్ చేశాడు. టక్, టక్, టక్. అదే సుత్తి.

అప్పుడు మీటరు చూశాడు. సోమవారం గరాజులో చూడలేదు. ముప్ఫై ఒక్క వేల మైళ్లు. విజయవాడలో ఒక టాక్సీ ఆర్నెల్లలో తిరిగే దూరం. అక్కడ అంబాసిడర్ అన్నది పగలూ రాత్రీ తిరుగుతూ, కిరసనాయిలు కలిసిన పెట్రోలు తాగుతూ, అరిగి అరిగి చస్తుంది. శబ్దం వచ్చిందంటే అరిగిందనే అర్థం, ఇంకో అర్థం లేదు. ఈ కారు అరగలేదు. కూర్చుంది. పదకొండేళ్లు చలిలో, తేమలో, కదలకుండా కూర్చుంది. కూర్చున్న కారు ఎట్లా ఉంటుందో ఆటోనగర్‌లో ఎవడూ చూసి ఎరగడు. అక్కడ ఏ కారునీ కూర్చోనివ్వరు.

లేచి ఫ్యాన్ బెల్టు వదులు చేసి తీసేశాడు. బెల్టు లేకుండా ఒక్క నిమిషం తిప్పితే ఇంజినుకి నష్టం లేదు. తాళం తిప్పాడు.

శబ్దం లేదు. కుట్టుమిషను ఆడుతున్నట్టు సాఫీగా తిరుగుతోంది.

ఆపి, ఆ బెల్టు లాగే డైనమో చక్రాన్ని చేత్తో తిప్పబోయాడు. ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బెల్టు లాగుతుంటే ఇరుసు మొరాయిస్తోంది, చక్రం తన గాడిలో అటూ ఇటూ ఊగి కొట్టుకుంటోంది. సుత్తి అదే. మూడో వైరు పీకినప్పుడు శబ్దం మెత్తబడింది బేరింగు వల్ల కాదు, ఇంజిను నెమ్మదించడం వల్ల. ఒక పూట పని. సామాను ఖర్చు ఒక బిర్యానీ ఖరీదు.

తప్పు దొరికినందుకు మొదట సిగ్గేసింది. తర్వాత సంతోషం వేసింది. ఆ సంతోషంతోనే ఆఫీసు గదిలోకి పోయి చెప్పాడు.

శ్రీనివాసులు విన్నాక లేచి తలుపు మూశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదన్నా. ఇప్పుడే చూశా. అవ్వకి ఫోన్ చేద్దామని..."

"కూర్చో." తనూ కూర్చున్నాడు. "ఆల్బనీలో డెస్మండ్ అని ఒక ముసలాయన ఉన్నాడు. పాత మోరిస్‌లంటే ప్రాణం. ఇంజిను బాగుంటే ఆరువేలిస్తానని ఏడాదిగా అడుగుతున్నాడు. నేను ఈ కారు విడిభాగాలకి అమ్ముదామనుకున్నా. ఇప్పుడు దేవుడు వేరే తలిచాడు."

"కానీ అన్నా, మనం ఆవిడకి పోయిందని చెప్పాం."

"మనం?" శ్రీనివాసులు నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, అదే భయం. "నేను చెప్పానా అబ్బాయా? నేను మెకానిక్కునా? ఆవిడ అడిగింది నిన్ను. చెప్పింది నువ్వు. నీ మాట మీద నేను నాలుగు వందలు పెట్టా. రేపు ఆవిడ కొడుకు లాయర్ని తెస్తే నేనేం చెప్తా? మా మెకానిక్కు అట్లా చెప్పాడయ్యా అంటా. అది అబద్ధమా?"

లోకేశ్ గోళ్లలో ఇరుక్కున్న ఆయిలు గీక్కున్నాడు.

"శనివారం సంతకం అయిపోనీ. సోమవారం నీ లెటర్ మీద సంతకం పెడతా. ఈసారి వచ్చే నెల కాదు." టేబుల్ సొరుగు లాగి, టైపు కొట్టి సిద్ధంగా ఉన్న కాగితాన్ని చూపించాడు. లోకేశ్ పేరు, పని, జీతం అన్నీ ఉన్నాయి. కింద గీత ఖాళీగా ఉంది. "చూశావుగా. నీ కోసం ఎప్పుడో చేయించా."

ఎప్పుడో చేయించి సొరుగులో పెట్టుకున్నాడన్నమాట. లోకేశ్ బయటికొచ్చి బెల్టు మళ్లీ తగిలించాడు. శబ్దం రావాలిగా.

*

"ఆవిడకి కారు, మనకి కాపురం," అంది లోకేశ్ భార్య కావ్యశ్రీ ఆ సాయంత్రం, చపాతీ పెనం మీద తిప్పుతూ. రోజంతా బట్టల షాపులో నిలబడి కాళ్లు వాచి ఉన్నాయి. స్టూలు మీద కూర్చునే చేస్తోంది. "ఏది పెద్దదో నువ్వే తూకం వెయ్యి."

"చెప్పొద్దంటావా?"

"నేనేమీ అనను. చెప్పమంటే నా వల్ల వీసా పోయిందంటావు. చెప్పొద్దంటే నా వల్ల పాపం చేశానంటావు. రెండు బరువులూ నా నెత్తిన పెట్టకు." పెనం దింపింది. "అసలు అన్నిసార్లు విన్నవాడివి, ఆ బెల్టేదో మొదటిరోజే తియ్యలేకపోయావా?"

"తొందర చేశాడు."

"ఆయన తొందర చేస్తాడు. చెవి నీదేగా?"

మర్నాడు పొద్దున శ్రీనివాసులే పంపాడు. కారు పాత పుస్తకం, రెండో తాళం సత్యమ్మ దగ్గర ఉండిపోయాయి, తెమ్మన్నాడు. దారి పొడుగునా లోకేశ్ తన మాటల్ని అమర్చుకుంటూ పోయాడు. ఆమె టీ పెట్టింది. తాళం తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను కప్పు అంచు తుడుస్తూ అన్నీ చెప్పేశాడు. తను తొందరపడ్డాననీ, ఇంజిను నిక్షేపంగా ఉందనీ, శనివారం సంతకం పెట్టొద్దనీ.

సత్యమ్మ బిస్కెట్టు విరిచింది. సగం టీలో ముంచింది.

"మొన్న చచ్చినది అన్నావు. ఇవాళ బ్రతికినది అంటావు. నేను ఏ నోటిని నమ్మవలె?"

"ఇవాళ్టిదే నిజమవ్వా."

"దీనివలన నీకేమి?"

"ఏమీ లేదు. నాకు నష్టమే. మా ఓనరుకి తెలిస్తే..."

"ఏమీ వద్దనువాడితో నాకు భయమురా." ఆమె గొంతు పెరగలేదు. గల్లాపెట్టె వెనక పాతికేళ్లు నిలబడ్డ గొంతు అది. "నా అంగడికి ఒకడు వచ్చేవాడు. గుడ్లు సగం ధరకి ఇచ్చెదననేవాడు. సగం ధరయే కదా అని కొంటిని ఒకమారు. అన్నియు మురిగినవే. ధర లేని సరుకులో ఏదో ఉండును. నీ మాటకి ధర లేదు. నీకు వేరే కొనువాడు ఎవడో ఉన్నాడు. వాడికి ఇప్పించి నీవు భాగము తీయవలెనని చూస్తివి. అవునా?"

లోకేశ్ కప్పు కింద పెట్టాడు. "కాదవ్వా, ఒట్టు."

"ఒట్టు చౌక." కప్పు కడిగి బోర్లించింది. "చెవికి వినిపించు. శనివారము నేను వచ్చెదను. అప్పుడు వినిపించుము. నీ యజమాని ఎదుట. వాడి ఎదుట చేయగలిగితే నిజము. చేయలేకపోతివా, నాలుగు వందలు తీసుకుని పోయెదను."

వ్యాను ఎక్కి తాళం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు లోకేశ్. చెవిలో మెల్లగా చెప్పి తప్పించుకుందామనుకున్నాడు. నిజం చెబితే పోయే లెటర్, చెప్పినట్టు శ్రీనివాసులుకి తెలియకపోతే మిగులుతుందని అతని లెక్క. ముసలావిడ ఆ లెక్క ఒక్క బిస్కెట్టు తినేలోపల కొట్టేసింది.

*

శనివారం ఆమె బస్సులో వచ్చింది, గొడుగూ చేతిసంచీతో. శ్రీనివాసులు కుర్చీ వేయించాడు. కాగితం, పెన్నూ, మూడు కొత్త నోట్లూ టేబుల్ మీద సర్దిపెట్టాడు.

"సంతకమునకు ముందు ఒకమారు దాని గొంతు వినవలె," అంది సత్యమ్మ. "చివరిసారి."

"దానికేం అవ్వా! లోకేశూ, స్టార్ట్ చెయ్యి."

షెడ్డులో ముగ్గురూ నిలబడ్డారు. లోకేశ్ తాళం తిప్పాడు. సుత్తి మొదలైంది. టక్, టక్, టక్. సత్యమ్మ తల పంకించింది. శ్రీనివాసులు అయ్యో అన్నట్టు పెదవి విరిచాడు. లోకేశ్ ఇంజిను ఆపాడు. ఆపిన తర్వాత ఒక్క క్షణం అక్కడే స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. గేటు అవతల రోడ్డు మీద బస్సు పోతోంది. కారు దిగాడు. పదమూడో నంబరు స్పానరు తీశాడు. డైనమో బోల్టు వదులు చేశాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు శ్రీనివాసులు.

లోకేశ్ డైనమోని లోపలికి నొక్కాడు. బెల్టు వదులైంది. ఫ్యాను రెక్కల మీంచి దాన్ని తప్పించి తీశాడు. రబ్బరు నలుపు వేళ్లకి అంటింది.

"లోకేశ్."

మళ్లీ తాళం తిప్పాడు.

ఆ నిశ్శబ్దంలో రేకుల మీద వాన చినుకులు కూడా వినిపించాయి. సత్యమ్మ దగ్గరికి వచ్చి, తల పక్కకి వంచి వింది. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి. లోకేశ్ ఇంజిను ఆపేసి బెల్టు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"దీనికి ఏమి పట్టినది?"

"డైనమో అవ్వా. ఒక పూట పని."

శ్రీనివాసులు దగ్గాడు. "నాకూ ఇప్పుడే తెలుస్తోంది అవ్వా. కుర్రాడు మొన్న పొరపాటు..."

"పొరపాటు అందరికీ వచ్చును." ఆమె టేబుల్ దగ్గరికి నడిచి కుర్చీలో కూర్చుంది. నోట్లని ఒక వేలితో అతని వైపు తోసింది. "ఇప్పుడు మొదటి నుండి మాట్లాడుదము, సీనివాసూ. నేను కారు ఇంటికి తీసుకొని పోయి ఏమి చేతును? నాకు గరాజు ఖాళీ కావలె. మనుమడికి గది కట్టవలె. నీకు కారు కావలె. ఎవరికో అమ్ముదువు. ఎంతకో నేను అడగను. నీవు నాకు మూడు వేలిమ్ము."

"మూడు వేలా! అవ్వా, టైర్లు చచ్చిపోయినాయి, రంగు పోయింది..."

"రంగు ముసలాయన చేతితో వేసినది. దానికి వేరుగా అడుగవలె."

అరగంటలో రెండున్నర వేలకి తెగింది. తెగాక శ్రీనివాసులు టీ తెప్పించాడు. ఇద్దరూ పాత రోజుల సంగతులు చెప్పుకున్నారు. సాండ్రింగ్‌హామ్‌లో ఒకప్పుడు అద్దెలెంత ఉండేవి, ఎవరు దివాలా తీశారు, ఎవరు కోడలి పేరు మీద షాపు రాశారు. రెండుసార్లు గట్టిగా నవ్వుకున్నారు. షెడ్డులో లోకేశ్ ఒక్కడే ఉన్నాడు. బెల్టు ఇంకా చేతిలోనే ఉంది. కారు గుమ్మం మీద అయిన నూనె మరకని తుడుస్తున్నాడు. ఆ మరక ఎప్పుడో పోయింది.

వెళ్లేటప్పుడు ఆమె అతని దగ్గర ఆగింది.

"నీకు ఏమి ముట్టినది?"

"ఏమీ లేదవ్వా."

"అయితే నీవు వర్తకము తెలియనివాడవు," అంది. గొడుగు విప్పుకుని బస్టాపు వైపు పోయింది. లోకేశ్ ఒక మంచి మాట కోసం చూశాడు. అది ఆమె సంచీలో లేదు.

శ్రీనివాసులు అరవలేదు. గేటుకి గొలుసు వేస్తూ మామూలుగా అన్నాడు. "రెండు వేలకి పైన నష్టం చేశావు. సరే, పోనీ. లెటర్ సంగతి ఇంక ఎత్తబాక. పర్మిట్ అయ్యేదాకా పని చెయ్యి. తర్వాత నీ దారి నీది. డైనమో సోమవారానికల్లా బాగు చెయ్యి. మంగళవారం డెస్మండ్ వస్తున్నాడు."

ఆదివారం కావ్యశ్రీ మంచం కింది నుంచి పెద్ద సూట్‌కేసు లాగి దుమ్ము దులిపింది. అందులో ఏమీ సర్దలేదు. దులిపి మళ్లీ కిందికే తోసింది.

*

సోమవారం డైనమో విప్పి, ఇరుసు తుప్పు గీకి, కొత్త బేరింగు కొట్టి, చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే కొత్త కీ వేసి బిగించాడు. మంగళవారం డెస్మండ్ వచ్చేసరికి ఇంజిను పిల్లి గురకలా ఆడుతోంది. డెస్మండ్ పొడుగాటి ముసలాయన. అరిగిన గమ్‌బూట్లు, చేతిలో టార్చిలైటు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, కింద దూరాడు, డోర్లు తెరిచి మూశాడు. ఇంజిను పావుగంట విన్నాడు.

"చక్కగా ఉంది," అన్నాడు. "చక్కగా ఉండటమే నాకు అనుమానం. చిక్కటి ఆయిలు పోస్తే ఏ ముసలి ఇంజినైనా ఒక వారం నోరు మూసుకుంటుంది. నేను ఒకసారి అట్లా మోసపోయాను. దీన్ని లోపల విప్పి చూసిందెవరు?"

"మా వాడే. లోకేశ్! అంతా విప్పి చూశాడు. గొప్ప మెకానిక్కు."

"ఆయన్ని చెప్పమనండి. ఆయన కళ్లతో చూసింది చెబితే చాలు. ఇప్పుడే డబ్బు కడతాను."

శ్రీనివాసులు నవ్వు మొహంతో లోకేశ్ వైపు తిరిగాడు. "చెప్పు అబ్బాయా. బేరింగులు అద్దంలా ఉన్నాయని చెప్పు."

లోకేశ్ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలు.

"అన్నా," అన్నాడు తెలుగులో, "ముందు లెటర్."

శ్రీనివాసులు నవ్వు చెదరలేదు. కళ్లు మాత్రం మారాయి. "ఏంది? పరాయివాడి ముందు ఇదేం పని?"

"ఆయనకి తెలుగు రాదుగా అన్నా."

"రేపట్నించి రాబాక. ఇప్పుడే చెప్తున్నా."

"సరే అన్నా. ఆయనకి నాకేమీ తెలియదని చెప్పి పోతా. తెలిసింది చెప్తే మీకు ఆరువేలు. తెలియదంటే ఆయన కారెక్కి ఆల్బనీ పోతాడు. మళ్లీ రాడు."

"నీకు అన్నం పెట్టా."

"పెట్టారన్నా. చాలా బాగుంది ఆ పులుసు." బొటనవేలు తుడుచుకున్నాడు. "నేను అబద్ధం చెప్పమనట్లేదు. నిజమే చెప్తా. ఊరికే చెప్పను. అంతే."

డెస్మండ్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఏమైనా ఇబ్బందా?"

"ఏం లేదు, ఏం లేదు," అన్నాడు శ్రీనివాసులు ఇంగ్లీషులో. "ఒక చిన్న కాగితం మర్చిపోయాం. ఒక్క నిమిషం."

ఆఫీసు గదిలో సొరుగు లాగిన చప్పుడైంది. లోకేశ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. శ్రీనివాసులు పెన్ను టోపీ తీసి, కాగితం మీద వంగి, ఒక్క క్షణం ఆగాడు.

"ఎక్కడ నేర్చుకున్నావురా ఈ బేరం?"

"యార్డులోనే అన్నా."

శ్రీనివాసులు సంతకం పెట్టాడు. లోకేశ్ కాగితం తీసుకుని, సిరా ఆరేదాకా గాల్లో ఊపి, మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. షెడ్డులోకి పోయి డెస్మండ్‌కి అంతా చెప్పాడు. ఛాంబర్ దింపింది, రాడ్లు ఊపి చూసింది, బేరింగు ముక్కలో తన కనుబొమ్మ కనిపించింది. కిందటి సోమవారం తను తప్పు చెప్పిన సంగతి కూడా చెప్పాడు. ఆ తప్పు విన్నాక డెస్మండ్ చెక్కుబుక్కు తీశాడు.

ఆ సాయంత్రం కావ్యశ్రీ లెటర్ని రెండుసార్లు చదివింది. "ఏం చెప్పి తెచ్చావు?"

"నిజమే చెప్పా."

ఆమె అతని మొహంలోకి చూసింది, ఇంకేదో అడగబోయింది, అడగలేదు. కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది. ఆ లెటర్‌తో పర్మిట్ పొడిగించుకోవచ్చు, రెసిడెన్సీ రావడానికి మాత్రం ఇంకో ఎనిమిది, తొమ్మిది నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా అదే యార్డు, అదే గేటు, అదే అన్న. ఇంక చేపల పులుసుకి పిలుపు రాదు.

శుక్రవారం సమోవా దీవుల దంపతులు కరోలా కారు చూడటానికి వచ్చారు. గేర్‌బాక్సు ఎట్లా ఉందని అడిగారు. అట్లాంటివి అడిగితే ఏడాదిగా శ్రీనివాసులే ఫస్టుక్లాసుగా ఉందని చెప్పేవాడు. ఈసారి నోరు తెరిచి, మూసుకుని, షెడ్డు వైపు చూశాడు. దంపతులు కూడా అటే చూశారు. లోకేశ్ జవాబు కోసం ముగ్గురూ ఆగారు.

మొత్తం మీద లెక్క తేల్చితే సత్యమ్మకి రెండున్నర వేలూ, ఖాళీ గరాజూ వచ్చాయి. శ్రీనివాసులుకి అంతకంటే ఎక్కువే వచ్చింది. డెస్మండ్‌కి కారు వచ్చింది. లోకేశ్‌కి జమ పడింది ఒక సంతకం, ఇంకా ఇది: జవాబు చెప్పే ముందు చేతులు తుడుచుకునేంత వ్యవధి. అతను గుడ్డ అందుకున్నాడు.